షేన్ విలియమ్స్: 5 అడుగుల 7 అంగుళాల వింగర్ వేల్స్ రికార్డు ఎలా కొట్టాడు?

భీమిలి_బీచ్
అందరికీ నమస్కారం. ఇక్కడ రగ్బీ గురించి ఎవరు మొదలుపెట్టినా మాట న్యూజిలాండ్ దగ్గరో సౌతాఫ్రికా దగ్గరో ఆగిపోతోంది. నాకు ఈ ఆట అలవాటు చేసింది మాత్రం వేల్స్ ఎడమ వింగర్ షేన్ విలియమ్స్. అతని గురించి తెలుగులో తీరిగ్గా మాట్లాడుకున్న చోటు నాకు కనబడలేదు. అందుకే ఈ చర్చ.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1977 ఫిబ్రవరిలో పుట్టాడు. స్వాన్సీకి ఉత్తరాన, ఒకప్పుడు బొగ్గు గనులతో బతికిన అమన్ లోయ అతనిది. ఎత్తు 1.70 మీటర్లు, బరువు 80 కిలోలు. వేల్స్‌కి 87 టెస్టులు (దేశాల మధ్య మ్యాచ్‌లు) ఆడి 58 ట్రైలు కొట్టాడు. ట్రై అంటే బంతిని ఎదుటి జట్టు గీత అవతల నేలకి తాకించడం. ఆ దేశపు రికార్డు ఇప్పటికీ అతనిదే. 2008లో ప్రపంచ ఉత్తమ ఆటగాడి అవార్డు అందుకున్నాడు. వేల్స్ వాళ్లలో ఆ అవార్డు మొదట వచ్చింది అతనికే.

నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. 1995లో రగ్బీ యూనియన్, అంటే పదిహేను మంది ఆడే రగ్బీ, ప్రొఫెషనల్ అయ్యింది. అప్పటినుంచి ఆటగాళ్ల ఒళ్లు ఏటికేడు పెరుగుతూనే వచ్చాయి. 100 కిలోల వింగర్లు మామూలైపోయిన కాలంలో ఇంత చిన్న మనిషి పన్నెండేళ్ల పాటు ఎలా నిలబడ్డాడు? మీకు తెలిసింది రాయండి.

కూత_ఆపను
అన్నా, నేను కబడ్డీ మనిషిని. రగ్బీ ఈ మధ్యే, ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో మన హైదరాబాద్ హీరోస్ కోసం చూడ్డం మొదలుపెట్టా. అక్కడ జట్టుకి ఏడుగురే. మీరు చెప్పేది పదిహేను మంది ఆట కదా. అసలు వింగర్ పని ఏంటి? చివర్న నిలబడి, బంతి వస్తే పరిగెత్తడమేనా?

స్వాన్సీ_డాక్టర్
కూత తమ్ముడూ, మంచి ప్రశ్న వేశావు. నేను ఉద్యోగరీత్యా చాలా ఏళ్లుగా సౌత్ వేల్స్‌లో ఉంటున్నాను. ఇక్కడ హాస్పిటల్లో మన తెలుగు డాక్టర్లు చాలామందే ఉన్నారు. శనివారం మ్యాచ్ ఉంటే సోమవారం వార్డులో రోగి నోట మొదటి మాట దాని గురించే. అలా నేర్చుకున్నదే నా రగ్బీ.

పదిహేను మందిలో 1 నుంచి 8 నంబర్ల వాళ్లు ఫార్వర్డ్స్. స్క్రమ్‌లో, అంటే రెండు జట్లూ భుజాలు కలిపి ఎదురెదురుగా తోసుకునే చోట, తోసేది, బంతి కోసం కుమ్ములాడేది వాళ్లే. 9 నుంచి 15 వరకు బ్యాక్స్. అందులో 11, 14 వింగర్లు. బంతిని చేత్తో ముందుకి పాస్ చెయ్యకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. మైదానం వెడల్పు 70 మీటర్ల దాకా ఉంటుంది. మధ్యలో మొదలైన బంతి చేతులు మారుతూ వింగర్‌ని చేరేసరికి అతనికి మిగిలేది గీత పక్కన నాలుగైదు మీటర్ల సందు. ఎదురుగా ఒకడు, లోపలి వైపు నుంచి దూసుకొచ్చేవాడు ఇంకొకడు. ఆ సందులోంచి బయటపడి బంతిని ట్రై లైన్ అవతల నేలకి తాకిస్తే 5 పాయింట్లు.

ఇది సగం పనే. ఎదుటి జట్టు కిక్ కొడితే వెనక్కి పరిగెత్తి గాల్లో బంతి పట్టాలి, తన వైపు ఎవడైనా తప్పించుకుంటే ఆపాలి. ఇరవై నిమిషాలు బంతి ముట్టకుండా చలిలో నిలబడి, ఇరవై ఒకటో నిమిషంలో ఒక్క అవకాశం వస్తే తప్పకూడదు. మామూలు వింగర్ ఎదురుచూస్తాడు. షేన్ ఎదురుచూడలేదు. భీమిలి గారి ప్రశ్నకి నా జవాబు అదే. వివరంగా మళ్లీ రాస్తాను, డ్యూటీకి వెళ్లాలి.

లెక్కల_పుస్తకం
డాక్టర్ గారు వచ్చేలోగా కెరీర్ వరస పెడతాను.

కుర్రతనంలో అతను స్క్రమ్ హాఫ్, అంటే 9 నంబర్. ఫార్వర్డ్స్ కాళ్ల మధ్యనుంచి బంతి తీసి ఆట నడిపించే చోటు. చిన్న మనుషులకి సహజంగా ఇచ్చే స్థానం అదే. సొంత ప్రాంతపు క్లబ్ అమన్ యునైటెడ్ నుంచి నీత్‌కి వెళ్లాడు. అక్కడ వింగ్ మీదకి మారాడు. 2000 ఫిబ్రవరిలో గ్రాహమ్ హెన్రీ కోచ్‌గా ఉండగా ఫ్రాన్స్ మీద వేల్స్ తరఫున దిగాడు. అదే నెలలో ఇటలీ మీద మొదటి ట్రై.

తర్వాత కథ ఆగిపోయింది. గాయాలు ఒకవైపు, "మరీ చిన్నవాడు, టెస్టుల్లో నలిగిపోతాడు" అనే మాట ఇంకోవైపు. 2003 ప్రపంచ కప్‌కి కోచ్ స్టీవ్ హాన్సెన్ అతన్ని జట్టులోకి తీసుకుంది వింగర్‌గా లెక్కపెట్టి కాదు, మూడో స్క్రమ్ హాఫ్‌గా కూడా పనికొస్తాడని. పూల్ దశలో మొదటి మూడు మ్యాచ్‌లూ బయటే కూర్చున్నాడు.

2003 నవంబర్ 2, సిడ్నీ, న్యూజిలాండ్‌తో మ్యాచ్. క్వార్టర్ ఫైనల్ ముందు ముఖ్యమైనవాళ్లకి విశ్రాంతినిచ్చి హాన్సెన్ జట్టును బాగా మార్చాడు. అలా షేన్‌కి చోటు దొరికింది. వేల్స్ ఓడింది, 53-37. కానీ రెండో సగంలో ఒక దశలో 37-33తో ముందుంది! షేన్ ఒక ట్రై కొట్టాడు. ఆ రోజునుంచి అతన్ని తీసెయ్యడం ఎవరి వల్లా కాలేదు.

భీమిలి_బీచ్
ఆ తర్వాతి వారం ఇంగ్లండ్‌తో క్వార్టర్ ఫైనల్ కూడా చెప్పండి లెక్కల గారూ. బ్రిస్బేన్‌లో. ఇంగ్లండ్ కిక్ కొట్టిన బంతిని షేన్ సొంత సగంలో అందుకుని ఎదురు పరుగు మొదలుపెట్టాడు. చేతులు మారి మారి చివరికి స్టీఫెన్ జోన్స్ ట్రై చేశాడు. ఆ మ్యాచ్‌లో వేల్స్‌కి మూడు ట్రైలు, ఇంగ్లండ్‌కి ఒక్కటే. అయినా పెనాల్టీ కిక్‌లతో ఇంగ్లండ్ 28-17తో గెలిచింది, ఆ తర్వాత కప్పూ ఎత్తుకుంది. నాకు నచ్చేది ఏంటంటే, ఆ ట్రై షేన్ పేరున లేదు. ఆ దాడిని పుట్టించింది మాత్రం అతనే.

నల్లమల_పులి
అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను అటువైపు నుంచి మాట్లాడతాను. షేన్ తన కెరీర్‌లో న్యూజిలాండ్‌ని ఒక్కసారీ ఓడించలేదు. ప్రపంచ కప్ ఫైనల్ ఆడలేదు. 2007లో నాంత్‌లో ఫిజీ చేతిలో 38-34తో ఓడి వేల్స్ పూల్ దశలోనే ఇంటికెళ్లింది. అదే కప్పులో సౌతాఫ్రికా వింగర్ బ్రయాన్ హబానా 8 ట్రైలు కొట్టి కప్పు గెలిచాడు. హబానా మొత్తం 67 టెస్ట్ ట్రైలతో రిటైర్ అయ్యాడు. వింగర్ గొప్పతనం కొలవాలంటే పెద్ద రోజున ఏం చేశాడో చూడాలి కదా? ఇంకొకటి, ఎత్తు తక్కువవాడి మీదకి ఎదుటి జట్టు కావాలనే బంతిని పైకి కొడుతుంది. అది జట్టుకి బరువే.

లెక్కల_పుస్తకం
పులి గారూ, న్యూజిలాండ్ మీద వేల్స్ చివరిసారి గెలిచింది 1953లో. ఆ లెక్క షేన్ ఒక్కడి నెత్తిన పెట్టలేం. ఫిజీ మ్యాచ్‌లో కూడా అతను దూరం నుంచి పరిగెత్తి ఒక ట్రై చేశాడు. మర్నాడు పొద్దున్నే ఉద్యోగం పోయింది కోచ్ గారెత్ జెంకిన్స్‌కి.

ఆ ఓటమి తర్వాతే అసలు భాగం వచ్చింది. న్యూజిలాండ్ నుంచి వారెన్ గాట్లండ్ కోచ్‌గా వచ్చాడు, డిఫెన్స్ నేర్పడానికి షాన్ ఎడ్వర్డ్స్‌ని తెచ్చుకున్నాడు. 2008 సిక్స్ నేషన్స్‌లో (యూరప్‌లోని ఆరు దేశాలు ఏటా ఆడే టోర్నీ) వేల్స్ అయిదుకి అయిదూ గెలిచింది, గ్రాండ్ స్లామ్. షేన్ ట్రైలు ఆరు: స్కాట్లండ్ మీద 2, ఇటలీ మీద 2, డబ్లిన్ క్రోక్ పార్క్‌లో ఐర్లండ్ మీద 1, చివరి రోజు కార్డిఫ్‌లో ఫ్రాన్స్ మీద 1. ఆ చివరిది 41వ ట్రై. గారెత్ థామస్ పేరున ఉన్న వేల్స్ రికార్డు దాంతో బద్దలైంది. మధ్య మైదానంలో ఫ్రాన్స్ వాళ్ల చేతిలోంచి జారిన బంతిని కాలితో తన్నుకుంటూ వెంటాడి మీద పడ్డాడు. పెద్ద రోజు అంటే అదే కదా?

జట్టుకి బరువే అన్న మీ మాటకి ఒక అంకె చెప్తాను. ఆ టోర్నీ మొత్తంలో వేల్స్ ఇచ్చిన ట్రైలు రెండంటే రెండు. ఆ గోడలో ఎడమ చివరి ఇటుక షేన్.

స్వాన్సీ_డాక్టర్
వచ్చేశాను. లెక్కల గారు దారి వేసేశారు కాబట్టి నేను చెప్పాల్సింది తేలికైంది.

2008 మ్యాచ్‌లు ఎక్కడైనా దొరికితే బంతిని కాకుండా 11 నంబర్‌ని మాత్రమే చూడండి. జాబితాలో ఎడమ వింగ్ అనే ఉంటుంది. మనిషి మాత్రం ఒకసారి కుడివైపు, ఒకసారి స్క్రమ్ హాఫ్ భుజం పక్కన, ఒకసారి పోగుపడ్డ ఫార్వర్డ్స్ వెనకాల కనబడతాడు. పెద్ద ఫార్వర్డ్స్ అలిసిపోయి ఒంగి నిలబడే చోటు అది. 115 కిలోల ప్రాప్ (స్క్రమ్ ముందు వరసలో తోసే బరువైన ఆటగాడు) ఎదురుగా రెండు మీటర్ల ఖాళీలో ఇతను నిలబడితే, గట్టిగా ఎవరున్నారనేది లెక్కలోకే రాదు. ఎవరు ముందు కదులుతారన్నదే లెక్క. చిన్నప్పుడు స్క్రమ్ హాఫ్ ఆడినవాడికి ఆ ఇరుకు చోట్లు కొత్త కాదు. "చిన్నవాడు" అని ఇచ్చిన ఆ స్థానమే తర్వాత అతనికి ఆస్తి అయ్యింది.

ఇక అతని సైడ్ స్టెప్. చాలామంది వేగంగా వెళ్తూ పక్కకి తప్పుకుంటారు. ఇతను డిఫెండర్ ముందు దాదాపు ఆగిపోతాడు. ఎదుటివాడూ ఆగుతాడు, పాదాలు నేలకి అతుక్కుంటాయి. అప్పుడు ఎడమ కాలి మీద తోసుకుని వెళ్లిపోతాడు. బరువైన మనిషి దిశ మార్చుకోవాలంటే రెండు మూడు అడుగులు కావాలి. ఇతనికి ఒక్కటి చాలు. అందుకే అతనికి పెద్ద ఖాళీ అవసరం రాలేదు. 2008 జూన్‌లో సౌతాఫ్రికా వెళ్లి బ్లూమ్‌ఫాంటైన్‌లో ఒకటి, ప్రిటోరియాలో ఒకటి కొట్టాడు. అప్పుడు వాళ్లు ప్రపంచ చాంపియన్లు. రెండు మ్యాచ్‌లూ వేల్స్ ఓడింది, కానీ ఆ ఏడాది అవార్డు ఎవరికన్నది అక్కడే తేలిపోయిందని నా నమ్మకం.

కూత_ఆపను
డాక్టర్ గారూ, ఇప్పుడు అర్థమైంది! మా రైడర్లు కార్నర్ ముందు చేసేది ఇదే. కూత పెట్టి లోపలికెళ్లి, పట్టేవాడు కాలు నాటేదాకా ఊరిస్తాం, నాటగానే బోనస్ గీత వైపు తప్పుకుంటాం. తొందరపడి ముందే కదిలితే దొరికిపోతాం. మా దగ్గర మంచి రైడర్లందరూ ఆరడుగుల వాళ్లేమీ కాదు.

మాంగెరె_వాణి
నమస్తే. నేను ఆక్లాండ్‌లో ఉంటాను, డయాలసిస్ యూనిట్‌లో నర్సుగా చేస్తున్నాను. షేన్ అంటే నాకూ గౌరవమే. కానీ వింగర్ల చర్చలో జోనా లోము పేరు లేకపోతే నాకు మనసొప్పదు. అతను పెరిగింది ఇక్కడి శివారు మాంగెరెలోనే, టోంగా నుంచి వచ్చిన కుటుంబం.

1.96 మీటర్లు, 119 కిలోల దాకా ఉండేవాడు, అయినా పరుగు పందెం వాడిలా పరిగెత్తేవాడు. 1995 జూన్ 18న కేప్‌టౌన్ న్యూలాండ్స్‌లో ఇంగ్లండ్ మీద ప్రపంచ కప్ సెమీఫైనల్, నాలుగు ట్రైలు. మొదటి ట్రైకి అడ్డొచ్చిన మైక్ క్యాట్ మీదుగా నడిచి వెళ్లిపోయాడు. ఇరవయ్యేళ్ల కుర్రాడు! ఆ రెండు నెలలకే రగ్బీ యూనియన్ ప్రొఫెషనల్ అయ్యింది. ఆటలోకి టీవీ డబ్బు అంతలా రావడంలో ఆ కుర్రాడి వంతు చాలా ఉంది. 1995, 1999 ప్రపంచ కప్‌లు రెండూ కలిపి 15 ట్రైలు. 2015లో హబానా దాన్ని సమం చేశాడు, దాటలేదు.

కాబట్టి భీమిలి గారూ, సైజుతో పనిలేదు అంటే నేను ఒప్పుకోను. సైజు, వేగం కలిస్తే ఏమవుతుందో ప్రపంచం ఆ రోజు చూసింది.

భీమిలి_బీచ్
వాణి గారూ, సైజుతో పనిలేదని నా ఉద్దేశం కాదండీ. సైజు లేకపోయినా దారి ఉందా అన్నదే నా ప్రశ్న. లోము గురించి ఇంకా రాయండి, ఆయన చర్చకి పక్కదారి ఏమీ కాదు.

మాంగెరె_వాణి
రాస్తాను. చాలామందికి తెలియని సంగతి, లోముని కూడా మొదట "ఇతను వింగర్ కాదు" అన్నారు. స్కూల్లో ఫార్వర్డ్‌గా ఆడేవాడు. 1994 జూన్‌లో 19 ఏళ్ల 45 రోజుల వయసులో ఫ్రాన్స్ మీద దిగాడు. ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్ జట్టు) తరఫున టెస్ట్ ఆడినవాళ్లలో అప్పటికి అతనే చిన్నవాడు. ఫ్రాన్స్ రెండు టెస్టులూ గెలిచింది. వింగ్ మీద ఎక్కడ నిలబడాలో, కిక్‌కి ఎప్పుడు వెనక్కి తిరగాలో ఆ కుర్రాడికి ఇంకా పట్టుబడలేదు. జట్టు నుంచి తీసేశారు. మరుసటి ఏడాది ప్రపంచ కప్‌కి తీసుకునేటప్పుడు ఫిట్‌నెస్ మీద కూడా అనుమానాలున్నాయి. అంటే షేన్‌ని చిన్నవాడన్నారు, ఇతన్ని ఆ చోటుకి మరీ పెద్దవాడన్నారు.

ఇక కిడ్నీ సంగతి. 1995 చివర్లో నెఫ్రోటిక్ సిండ్రోమ్ అని తేలింది. కిడ్నీలోని జల్లెడ పాడై ప్రొటీన్ మూత్రంలో పోతుంది, ఒళ్లు వాస్తుంది, నీరసం కమ్మేస్తుంది. ఆ జబ్బుతోనే 1999 ప్రపంచ కప్‌లో 8 ట్రైలు కొట్టాడు. 2000 జులైలో సిడ్నీలో 1,09,874 మంది చూస్తుండగా ఆస్ట్రేలియా మీద చివరి నిమిషాల్లో గీత పక్క నుంచి వెళ్లి గెలిపించాడు, 39-35. ఆ రోజు అతని ఒంట్లో ఎంత ఓపిక ఉండి ఉంటుందో నా వృత్తిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

2003 నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్. 2004లో వెల్లింగ్టన్ రేడియో వ్యాఖ్యాత గ్రాంట్ కెరియామా తన కిడ్నీ ఇచ్చాడు. మరుసటి ఏడాదే మళ్లీ ప్రొఫెషనల్ రగ్బీ ఆడాడు! ఎక్కడో తెలుసా డాక్టర్ గారూ? మీ వేల్స్‌లోనే, కార్డిఫ్ బ్లూస్‌కి. 2011లో ఆ కిడ్నీ పనిచెయ్యడం మానేసింది. 2015 నవంబర్ 18న, ఇంగ్లండ్‌లో ప్రపంచ కప్ చూసి వచ్చాక, ఆక్లాండ్‌లో చనిపోయాడు. నలభయ్యేళ్లు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. డయాలసిస్ అంటే ఏంటో మా వైపు ఊళ్లలో పిల్లలకి కూడా చెప్పక్కర్లేదు. అందుకే లోము నాకు ఆటగాడు మాత్రమే కాదు. ఇంటికొచ్చినప్పుడు మావాళ్లకి అతని ఫొటో చూపించి, కిడ్నీ మార్చాక మళ్లీ మైదానంలో దిగాడు చూడండి అని చెప్తుంటాను. దాత దొరికితే జీవితం ఎంత మారుతుందో చెప్పడానికి నా దగ్గర ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

స్వాన్సీ_డాక్టర్
వాణీ, చాలా బాగా రాశావమ్మా. లోము చివరి టెస్ట్ కూడా కార్డిఫ్‌లోనే, 2002 నవంబర్‌లో వేల్స్ మీద. ఆ రోజుల్లో షేన్ జట్టు బయట ఉన్నాడు. కార్డిఫ్ బ్లూస్‌లో చేరినప్పుడు ఇక్కడి జనం అతన్ని సొంత మనిషిలా చూసుకున్నారు. పాత వేగం లేదు, అయినా టికెట్లకి ఎగబడ్డారు.

పీఈటీ_కరీంనగర్
నమస్తే సార్లందరికీ. నేను స్కూల్ల పీఈటీని. మీ ముచ్చట చదువుతుంటే కడుపుల ఉన్న మాట చెప్పాలనిపిస్తున్నది. మా పిల్లల్ని సెలక్షన్లకు తీస్కపోతే ముందుగాల ఎత్తు కొలుస్తరు, బరువు చూస్తరు. టేపు దగ్గర్నే సగం మంది వాపస్. ఆ పిల్లగాడు ఎట్ల ఉరుకుతడో, మనిషి మీదికొస్తే ఎటు తిరుగుతడో చూసేటోడు ఉండడు. ఎత్తు పెరిగేది కూడ అందరికీ ఒక్క వయసుల కాదు. పన్నెండేండ్లకు పొట్టిగున్నోడు పదహారుకు పెరుగొచ్చు. పెరగకపోయినా ఆడొచ్చు, ఈ షేన్ లెక్క.

నాదొక ప్రశ్న. మా దగ్గర ఆడపిల్లలు, మగపిల్లలు ఇద్దరూ టచ్ రగ్బీ (మనిషిని పడగొట్టకుండ చేత్తో ముట్టుకుంటే చాలు) మొదలువెట్టిన్రు. చిన్నగున్నోళ్లకు టాకిల్, అంటే మనిషిని పట్టి పడగొట్టుడు, నేర్పాలంటే భయమైతది, దెబ్బ తాకుతదని. ఎట్ల మొదలుపెట్టాలె?

స్వాన్సీ_డాక్టర్
మాస్టారూ, టాకిల్‌కి తొందరపడకండి. టచ్‌లోనే పాదాలు, చూపు, పాస్ వచ్చేస్తాయి. టాకిల్ మొదలుపెట్టినప్పుడు మోకాళ్ల మీద కూర్చోబెట్టి నేర్పండి, తర్వాత నడుస్తూ, ఆ తర్వాతే పరిగెత్తుతూ. ముఖ్యమైనది తల. పరిగెత్తేవాడి ముందు తల పెట్టకూడదు, పక్కకి పెట్టి చెంప అతని తుంటికి ఆనించాలి. చూపు పైకి, వీపు నిటారుగా. భుజం తగలగానే రెండు చేతులూ కాళ్ల చుట్టూ బిగించి, కాళ్లతో తోస్తూనే ఉండాలి. కాళ్లు కట్టేస్తే ఎంత లావు మనిషైనా పడతాడు. చిన్నవాళ్లు ఇది తొందరగా నేర్చుకుంటారు, నేలకి దగ్గరగా ఉంటారు కాబట్టి.

తలకి దెబ్బ తగిలి కాస్త తికమకగా కనిపించినా ఆ రోజుకి ఆట ఆపేయండి. "బాగానే ఉన్నా సార్" అన్నా సరే. ఇది డాక్టర్‌గా చెప్తున్నాను.

నల్లమల_పులి
నేను అడిగిన పై కిక్ సంగతికి ఇంకా జవాబు రాలేదు. మాట మారిపోతోంది.

లెక్కల_పుస్తకం
సరైన ప్రశ్నే పులి గారూ, దాటెయ్యను. ఎత్తు బంతి దగ్గర అతనికి నష్టం ఉండేది, ఎదుటి జట్లు అది వాడుకున్నాయి. కానీ గాల్లో బంతికి ఎత్తు ఒక్కటే కాదు, ఎప్పుడు ఎగురుతున్నాం అన్నది కూడా లెక్క. ముందుగా అక్కడికి చేరి, ముందు లేచినవాడిదే బంతి. రెండోది, ఎదుటి జట్టు ఎంత ఎక్కువ కొడితే ఇతని చేతికి అంత బంతి దొరుకుతుంది. ఇంగ్లండ్ మ్యాచ్ గుర్తుంది కదా. షేన్ చేతికి ఖాళీలో బంతి ఇవ్వడం ఏ కోచ్‌కీ ఇష్టం ఉండేది కాదు.

పెద్ద రోజుల మాటకి ఇంకో రెండు. 2009లో బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ (ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ కలిసి ఆడే జట్టు) సౌతాఫ్రికాలో మొదటి రెండు టెస్టులు ఓడి సిరీస్ పోగొట్టుకున్నారు. మూడో టెస్ట్, జోహనెస్‌బర్గ్ ఎల్లిస్ పార్క్, 28-9తో గెలిచారు. షేన్ రెండు ట్రైలు. ఎదుటి జట్టులో ఉన్నది ప్రపంచ చాంపియన్లు. అంతకుముందు 2005 న్యూజిలాండ్ పర్యటనలో మనావటు అనే ప్రాంతీయ జట్టు మీద ఒక్క మ్యాచ్‌లో అయిదు కొట్టాడు కానీ దానికి నేను అంత విలువ ఇవ్వను, ఎదుటి జట్టు బలహీనం.

నల్లమల_పులి
ఎల్లిస్ పార్క్ మాట బలమైనదే. హబానాయే ముందు అన్న నా మాట మాత్రం మార్చుకోను. కప్పు కప్పే.

భీమిలి_బీచ్
మార్చుకోనక్కర్లేదు పులి గారూ. నాకు మాత్రం షేన్ అంటే ముందు 2010 ఫిబ్రవరి 13, కార్డిఫ్, స్కాట్లండ్. చివరి అయిదు నిమిషాల ముందు వేల్స్ 14-24తో వెనక. లీ హాఫ్‌పెన్నీ ట్రై. స్టీఫెన్ జోన్స్ పెనాల్టీతో 24-24. స్కాట్లండ్‌లో ఇద్దరు పసుపు కార్డుతో బయట. మ్యాచ్ ఎనభై నిమిషాలూ దాటిపోయాయి, బంతి ఆట బయటికి పోతే డ్రా. బంతి అటూ ఇటూ తిరిగి తిరిగి షేన్‌కి వచ్చింది. గీత దాటకముందే చెయ్యి పైకెత్తేశాడు! 31-24. చూసిన ప్రతిసారీ నేను కుర్చీలోంచి లేస్తాను.

మాంగెరె_వాణి
ఇది నేను చూడలేదు. ఈ వారాంతం చూస్తాను. అతని రిటైర్మెంట్ ఎలా జరిగింది?

లెక్కల_పుస్తకం
2011 ప్రపంచ కప్ మీ న్యూజిలాండ్‌లోనే కదండీ. వెల్లింగ్టన్‌లో ఐర్లండ్‌తో క్వార్టర్ ఫైనల్లో మొదట్లోనే ట్రై కొట్టాడు. సెమీఫైనల్లో కెప్టెన్ సామ్ వార్‌బర్టన్‌కి రెడ్ కార్డ్, ఫ్రాన్స్ 9-8తో గెలిచింది. వేల్స్ తరఫున ఆఖరి మ్యాచ్ ఆ డిసెంబర్ 3న కార్డిఫ్‌లో, ఆస్ట్రేలియా మీద. 24-18తో ఓడిపోయారు. ఆ మ్యాచ్ చివరి కదలిక షేన్ ట్రై. అది 58వది. లయన్స్ తరఫున కొట్టిన 2 కలిపితే టెస్టుల్లో 60. అప్పటికి ప్రపంచంలో అతనికన్నా పైన ఉన్నది ఇద్దరే, జపాన్ వింగర్ డైసుకే ఒహాటా 69, ఆస్ట్రేలియా డేవిడ్ కాంపీస్ 64.

క్లబ్ వీడ్కోలు ఇంకా బాగుంటుంది. 2012 మే, డబ్లిన్‌లో లీగ్ ఫైనల్. ఎదురుగా లెన్‌స్టర్, వారం ముందే యూరప్ కప్పు గెలిచిన జట్టు, పైగా సొంత మైదానం. షేన్ జట్టు ఆస్ప్రేస్ 24-30తో వెనకబడి ఉంది. రెండు నిమిషాల ఆట మిగిలుండగా షేన్ మూలలో ట్రై, అది అతనికి ఆ మ్యాచ్‌లో రెండోది. గీత పక్క నుంచి డాన్ బిగ్గర్ కన్వర్షన్ కిక్ (ట్రై తర్వాత 2 పాయింట్ల కోసం కొట్టేది) లోపలికి. 31-30. కప్పు.

తర్వాత జపాన్‌లో మిత్సుబిషి డైనాబోర్స్‌కి ఆడాడు. 2013లో ఆస్ట్రేలియా పర్యటనలో లయన్స్‌కి వింగర్లు గాయపడితే, అంతర్జాతీయ ఆట మానేసిన ఇతన్ని పిలిచి కాన్‌బెరాలో బ్రంబీస్ అనే అక్కడి జట్టు మీద దింపారు. ఆ మ్యాచ్ 14-12తో ఓడారు.

పీఈటీ_కరీంనగర్
ఆ 2010 స్కాట్లండ్ మ్యాచ్, 2012 ఫైనల్ రెండూ పిల్లలకు చూపెడత. డాక్టర్ సార్ చెప్పినట్టు 11 నంబర్‌నే చూడుమని చెప్త. ఇంకో పొట్టోడు ఎవరన్న ఉన్నడా ఇప్పుడు ఆడేటోళ్లల్ల?

స్వాన్సీ_డాక్టర్
చెస్లిన్ కోల్బీ, మాస్టారూ. సౌతాఫ్రికా. దాదాపు షేన్ అంతే ఎత్తు. అతని విషయంలో కూడా సైజు అనుమానాలే. 2017లో ఫ్రాన్స్‌లో తులూజ్ క్లబ్‌కి వెళ్లిపోయాడు, అక్కడ ఆడిన ఆటతో 2018లో దేశం తరఫున దిగాడు. 2019 ప్రపంచ కప్ ఫైనల్, యొకొహామా, ఇంగ్లండ్ మీద ట్రై కొట్టాడు. కప్పు కూడా గెలిచాడు, పులి గారూ.

కానీ పిల్లలకి నేను చూపించేది ఆ ట్రై కాదు. 2023 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్, ఫ్రాన్స్ మీద. ఫ్రాన్స్ ట్రై చేసింది, తోమా రామోస్ కన్వర్షన్ కొట్టబోతున్నాడు. గీత దగ్గర నిలబడ్డ కోల్బీ దూసుకొచ్చి ఆ కిక్‌ని చేతులతో ఆపేశాడు. సౌతాఫ్రికా ఆ మ్యాచ్ గెలిచింది 29-28తో.

కూత_ఆపను
కన్వర్షన్‌ని అడ్డుకోవచ్చా? నాకు ఆ రూల్ తెలీదు. తెలిస్తే అందరూ చెయ్యరా?

స్వాన్సీ_డాక్టర్
చెయ్యొచ్చు తమ్ముడూ. కొట్టేవాడు కిక్ కోసం కదలడం మొదలుపెట్టేదాకా అందరూ ట్రై లైన్ వెనకే ఉండాలి. అతను కదిలిన మరుక్షణం పరిగెత్తొచ్చు. దాదాపు అందరూ మొక్కుబడిగా రెండడుగులు వేసి ఆగిపోతారు, ఎలాగూ అందదని. కోల్బీ రామోస్ పాదాల మీంచి కళ్లు తిప్పలేదు.